బ్యాటరీ తీసే రోజు

అక్టోబరు ఇరవై ఐదు, శనివారం. ఆ పొద్దున లైల్‌కి మూడు గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు, రై రొట్టె. డార్లా తిన్నది అతని పళ్ళెంలో మిగిలిన రొట్టె అంచులు, పొయ్యి దగ్గర నిలబడి, కాఫీలో ముంచుకుని. ఆ తేదీ, ఆ రొట్టె అంచులు ఆమెకు అంతగా గుర్తుండిపోవడానికి కారణం తిండి కాదు. తింటూ అతను అన్న మాట.

"ఇవాళ్టితో సరి," అన్నాడు లైల్. "రేపు పడవ కడిగి షెడ్డులో పెట్టేస్తా. నీ కారు బ్యాటరీ కూడా తీసి కింద సెల్లార్లో పెడతా. ఊరికే చలికి పాడైపోతుంది."

ఆమె "ఊఁ" అంది. అనేశాక గానీ అన్నట్టు తెలియలేదు.

నదిలో నీళ్ళు వెచ్చగా ఉన్నంతకాలం, అంటే మే నుంచి అక్టోబరు దాకా, లైల్ గైడు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని పడవెక్కించి పదకొండు మైళ్ళు నది వెంట తీసుకెళతాడు. జింక వెంట్రుకలతో, ఈకలతో కట్టిన ఎరలు నీటి మీద ఆడించి బాస్ చేపలు పట్టిస్తాడు. పట్టినవాటిని మళ్ళీ నీళ్ళలోకి వదిలించేస్తాడు. నీళ్ళు యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగాయంటే ఆ చేపలు లోతు గుంటల్లోకి పోయి, వసంతం దాకా ఎర వంక చూడవు. అప్పుడిక పడవ షెడ్డులోకి, తెడ్లు అటక మీదికి, డార్లా కారు బ్యాటరీ సెల్లార్లోకి. కారు ఇన్సూరెన్సు కూడా ఐదు నెలలు ఆపించేస్తాడు. "చలికాలం నీకు బయట పనేముంది? ఏం కావాలన్నా నేను లేనా?" ఈ మాట మొదటి ఏడు విన్నప్పుడు ఆమె మురిసిపోయింది. మా ఆయనకి నేను మంచులో కారు నడపడం భయం అని పక్కింటి బెర్నీస్‌కి చెప్పుకుంది కూడా. బ్యాటరీ తీయడం ఇది ఏడో ఏడు. ఇంటి నుంచి ఊరు పద్దెనిమిది మైళ్ళు. బెర్నీస్‌ది పక్కిల్లే గానీ మధ్యలో రెండు మైళ్ళ పైన్ చెట్లు.

నీళ్ళెంత చల్లబడ్డాయో చూసేది డార్లాయే. సెప్టెంబరు మొదలు రోజూ తెల్లవారగానే ఇనప వంతెన కిందికి దిగి, తాడుకు కట్టిన థర్మామీటరు నీళ్ళలోకి వదిలి, నోటుబుక్కులో రాసుకొస్తుంది. ఆ అంకె చూసుకుని లైల్ వచ్చినవాళ్ళతో, "నా మోకాలికి తెలిసిపోతుందండీ," అంటాడు. వాళ్ళు నవ్వుతారు. ఆమె తెల్లవారుజామున చేసే శాండ్‌విచ్‌లు "మా ఇంటి శాండ్‌విచ్‌లు". చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆమె కట్టే నాలుగు వందల ఎరలు "నా ఎరలు". అత్తగారు వెర్నా బతికున్న రోజుల్లో ఒకసారి ఒక ఎరను వెలుగులో తిప్పి చూసి, "మా వాడి చేతుల్లో కళ ఉంది డార్లా. నువ్వు కూడా కాస్త సాయపడుతుంటావుగా, మంచిది," అంది. డార్లా వేళ్ళకి అప్పటికి ఇంకా జిగురు ఆరలేదు.  ఆవిడ ఆ ఎరను ఎంతో మురిపెంగా పట్టుకుంది. చూసినంతసేపూ డార్లాకి కూడా బాగానే అనిపించింది. దొరికిన మెప్పు ఎవరి పేరు మీద దొరికినా కొంచెం తగులుతుంది కాబోలు.

ఆ పొద్దున థర్మామీటరు నలభై తొమ్మిది చూపించింది.

చలికాలం అంటే ఆమెకు భయం చలి వల్ల కాదు. లైల్ ఇంట్లో ఉంటాడు. వేసవిలో అతని నవ్వు వచ్చినవాళ్ళకి ఖర్చయిపోతుంది, ఇంటికొచ్చి పడి నిద్రపోతాడు. చలికాలంలో నవ్వు చూపించాల్సిన మనిషి ఎవరూ ఉండరు. చెయ్యెత్తడు. ఎన్నడూ ఎత్తలేదు. ఆ మాట ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది, అది ఏదో లెక్కలో తన వైపు పడే మార్కు అన్నట్టు. అతను చూస్తాడంతే. ఉల్లిపాయ తరుగుతుంటే చూస్తాడు, ఫోన్లో మాట్లాడుతుంటే తలుపు దగ్గర నిలబడి చూస్తాడు. "ఎవరు? ఎందుకంతసేపు?" అని నెమ్మదిగా అడుగుతాడు. రెండేళ్ళ క్రితం జనవరిలో సూపు మాడిందని మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమె కోటు వేసుకుని బెర్నీస్ ఇంటికి నడక మొదలుపెట్టింది. పావు మైలు పోయాక వెనక ట్రక్కు చప్పుడైంది. అతను ఆమెను దాటి పోలేదు, ఆపనూ లేదు. పట్టపగలు దీపాలు వేసి, ఆమె నడకంత వేగంతో రెండు మైళ్ళూ వెనకాలే వచ్చాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదు. బెర్నీస్ గేటు దగ్గరికి రాగానే కిటికీ దించి, "ఎక్కు. చలిగా ఉంది," అన్నాడు. ఎక్కింది.

ఈ ఏడు మాత్రం చలికాలానికి ఒక సందు దొరికింది. హార్లో అనే ఆ ఊళ్ళో గాలాల దుకాణం నడిపే నోరీన్, ఎరలు కట్టింది ఎవరో కనిపెట్టేసింది. లైల్ ఏదో పనిమీద దుకాణానికి వచ్చినప్పుడు, వెంట్రుకలు ఏ కత్తెరతో కత్తిరిస్తావని అడిగిందట. అతను చెప్పలేకపోయాడు. ఆ వారమే డార్లాకి ఫోన్ చేసింది. మంగళ, గురు, శనివారాలు రావాలి. దుకాణంలో కూర్చుని ఎరలు కట్టాలి, సాయంత్రాలు ఒక పది మందికి నేర్పాలి. ఎరలు గుచ్చి అమ్మే అట్టమీద డార్లా పేరే ఉంటుంది. "ఆలోచించుకుని చెప్పు. కానీ అక్టోబరు ఆఖరుకి చెప్పెయ్యి," అంది. దానికి కావలసిందల్లా కారు కదలడం. కారు కదలాలంటే బ్యాటరీ దాని చోట అది ఉండాలి. అంటే డార్లా ఒక్క వాక్యం లైల్‌తో అనాలి. మూడు వారాలుగా ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతోంది.

పది గంటలకి బెర్నీస్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పనిచెయ్యవు గానీ స్టీరింగు దగ్గర కూర్చుంటే పాతికేళ్ళ పిల్ల. వాళ్ళిద్దరి పని ఇది: లైల్ పొద్దున్నే పై రేవులో, ఇనప వంతెన దగ్గర, పడవ దింపుకుని నది వెంట వెళ్ళిపోతాడు. ట్రక్కు, పడవబండి అక్కడే ఉండిపోతాయి. వీళ్ళు డార్లా కారులో అక్కడికి వెళతారు. డార్లా ట్రక్కు నడుపుకుంటూ కింది రేవుకి తీసుకెళుతుంది, బెర్నీస్ కారులో వెనకాల వస్తుంది. ట్రక్కు తాళం వేసి, తాళంచెవి ఎడమ వైపు వెనక టైరు మీద పెట్టి రావాలి. నది మీద బతికేవాళ్ళందరి అలవాటూ అదే. జేబులో పెట్టుకుని పడవెక్కితే తాళంచెవి నీళ్ళలో పోతుందని.

"చెప్పావా?" అంది బెర్నీస్ కారు ఎక్కుతూనే.

"లేదు."

"ఇంకెప్పుడు చెప్తావు పిల్లా, బ్యాటరీ తీసి కింద పెట్టాకా?"

"సాయంత్రం చెప్తా."

"సాయంత్రం ఏ మూడ్‌లో ఉంటాడో."

"ఆఖరు రోజు కదా. ఏటా ఈ రోజే చేపలకి వచ్చే ఎల్డన్‌గారు వచ్చారు, ఆయనంటే లైల్‌కి ఇష్టం. మంచిగానే ఉంటాడు."

"ఉంటే మంచిదే. నా మొగుడూ మంచిగానే ఉండేవాడు, చర్చిలో." బెర్నీస్ సీటు బెల్టు పెట్టుకుంది. "ఆ రోజు నేను కిటికీ దగ్గరే ఉన్నాను డార్లా. మా గేటు దగ్గర నువ్వు ట్రక్కెక్కిన రోజు. తలుపు తీసి బయటికి రావాల్సింది. రాలేదు. కాఫీ పెట్టుకున్నాను."

 ఈ రెండేళ్ళలో ఆ సంగతి డార్లాతో ఒకరు నోరు విప్పి అనడం అదే మొదలు.

వంతెన దగ్గర ట్రక్కు, పక్కన ఎల్డన్ పాత నీలం కారు ఉన్నాయి. ట్రక్కు నడుపుకుంటూ పధ్నాలుగు మైళ్ళూ ఆమె ఆ వాక్యాన్ని రకరకాలుగా చెప్పి చూసుకుంది. నవ్వుతూ ఒకసారి. బతిమాలుతున్నట్టు ఒకసారి. డబ్బు వస్తుందని మొదలుపెట్టి ఒకసారి. ఎలా మొదలుపెట్టినా ఆమె మనసులోని లైల్ చూస్తూ నిలబడ్డాడే గానీ జవాబు చెప్పలేదు. కింది రేవులో ట్రక్కు ఆపి, తాళం వేసి, బెర్నీస్ హారన్ కొడితే వెళ్ళి కారెక్కింది.

ఇంటికొచ్చి బఠాణీల సూపు పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నం దాటాక ఆకాశం దిగివచ్చింది, సన్నటి వానలో మంచు పలుకులు కలిసి కిటికీకి కొట్టడం మొదలైంది. నాలుగు గంటలకి కట్టెలు తేవడానికి కోటు వేసుకుని, చేతి తొడుగు కోసం జేబులో చెయ్యి పెట్టింది. వేళ్ళకి ట్రక్కు తాళంచెవి తగిలింది.

ట్రక్కు దింపే పని మొదలుపెట్టిన పధ్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు.

 ఈపాటికి వాళ్ళు రేవుకి చేరి ఉంటారు. పొడి బట్టలు, దుప్పట్లు, వేడి కాఫీ ఫ్లాస్కు అన్నీ ట్రక్కు లోపల. కింది రేవులో ఫోన్ పలకదు, మూడు మైళ్ళ దాకా ఇల్లు లేదు. ఎల్డన్‌కి డెబ్బై నాలుగు. ఆమె పొయ్యి తగ్గించి కారు దగ్గరికి పరిగెత్తింది. దారి పొడుగునా రెండు భయాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ముసలాయనకి ఏమవుతుందో అన్నది ఒకటి. లైల్ ఏమంటాడో అన్నది ఇంకొకటి. రెండోదే ముందుకి వస్తోందని తెలిసినప్పుడు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక మనిషి చలికి చచ్చిపోతాడేమో, నాకు నా మొగుడి ముఖం గుర్తొస్తోంది. ఎప్పటి నుంచి ఇలా అయిపోయాను.

రేవులో ఇద్దరూ గట్టు మీదికి లాగిన పడవ చాటున కూర్చుని ఉన్నారు. ఎల్డన్ పెదవులు నీలంగా ఉన్నాయి, ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగు నడుము దాకా తడిసి ఉంది. గులకరాళ్ళ మీద ఇరుక్కున్న పడవను నెట్టబోయి జారిపడ్డాడట. లైల్ లేచి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"వచ్చేశారండీ రాణీగారు," అన్నాడు. "అద్దం పగలగొడదామా అని ఇప్పుడే అనుకుంటున్నాం."

ఆమె ట్రక్కు తెరిచి, హీటరు వేసి, ఎల్డన్‌ని ఎక్కించి, తొడుగు లాగి, దుప్పటి చుట్టి కాఫీ పోసి చేతిలో పెట్టింది. ఆయన చేతులు వణికి కప్పు పళ్ళకి తగులుతోంది. ఆమె తన రెండు చేతులూ ఆయన చేతుల చుట్టూ పెట్టి కప్పు నిలబెట్టింది.

"నా తప్పే. తాళంచెవి నా జేబులో ఉండిపోయింది. ఎంతసేపయింది మీరొచ్చి?"

లైల్ కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎల్డన్ అతని వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

"ఇందాకే వచ్చామమ్మా," అన్నాడు. "ఐదు నిమిషాలు కూడా కాలేదు."

పడవ సీట్ల మీద మంచు పలుకులు బొటనవేలి మందం పేరుకుని ఉన్నాయి. తక్కువలో తక్కువ ముప్పావు గంట. ముసలాయన చలికి మాట తడబడుతూ కూడా తన కోసం అబద్ధమాడాడు. అది దయే. ఆమె దాన్ని దయగానే తీసుకుంది. కానీ ఆ వెనకే ఇంకొకటి వచ్చి తగిలింది: ఏడాదికి ఒక్కరోజు కనిపించే మనిషికి, తన కోసం అబద్ధమాడాలి అనిపించేంతగా తన ముఖంలో ఏముంది? ఇన్నేళ్ళూ దాచానని అనుకుంటున్నది దారిన పోయేవాళ్ళకి కూడా కనిపిస్తోందా?

లైల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో ఆమెకు నిమిషాలతో సహా తెలుసు. ఎల్డన్ తన నీలం కారు ఎక్కి వెళ్ళిపోయేదాకా. ఈయన ఈ ఏటికి ఆఖరు మనిషి. ఈయన పోతే లైల్ మంచిగా ఉండాల్సిన మనిషి మళ్ళీ మే నెలలో గానీ రాడు. సాయంత్రం చెప్తానని అనుకుంది. సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు?

"లైల్," అంది.  "రేపు నా కారు బ్యాటరీ తీయకు. మంగళవారం నుంచి నోరీన్ దుకాణంలో పనికి వెళుతున్నాను. వారానికి మూడు రోజులు."

లైల్ ముసలాయన వైపు తిరిగాడు.

"చూశారా ఎల్డన్," అన్నాడు లైల్. "తాళంచెవి ఎక్కడ పెట్టాలో గుర్తుండదు గానీ ఉద్యోగం చేస్తుందట."

ఎల్డన్ నవ్వలేదు. "ఏం పనమ్మా?" అన్నాడు.

"ఎరలు కట్టడం. నేర్పడం."

ఆయన టోపీకి గుచ్చుకున్న ఎరను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పచ్చటి వెంట్రుకల కప్ప, రెండు పసుపు కాళ్ళు. "ఇదీ మీరు కట్టిందేనా? పోయినేడు దీంతోనే పట్టాను, నా జన్మలో అంత పెద్ద చేప చూడలేదు."

డార్లా లైల్ ముఖంలోకి చూడలేదు. చూస్తే నోరు పడిపోతుందని తెలుసు. ఆ పచ్చ కప్పనే చూస్తూ, "అవును," అంది.

లైల్ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె భుజం మీద రెండుసార్లు తట్టాడు. రెండోసారి తట్టాక చెయ్యి తీయలేదు.

"ఎల్డన్‌గారిని వంతెన దగ్గర దింపేసి వస్తా. ఇంటికి పద," అన్నాడు చాలా మెత్తగా. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

మాట అనేస్తే భయం పోతుందని ఆమె అనుకుంది. పోలేదు. తన కారెక్కి బయల్దేరింది. లైల్ పడవ ఎక్కించుకుని, వంతెన దాకా పోయి, ఇంటికి రావడానికి గంట పడుతుంది. తనకి ఇంటికి పాతిక నిమిషాలు. ఇంటి ముందు కారు దిగి మెట్లెక్కాక చూసుకుంది, ఇంజను ఆపనేలేదు. ఆపడానికి వెనక్కి వెళ్ళలేదు కూడా.

లోపల బఠాణీల వాసన. చేతులు వాటంతట అవే గిన్నె తీశాయి, చెంచా తీశాయి, అతని చోట పెట్టాయి. ఆ చేతులకి ఏం జరిగిందో ఇంకా తెలియనట్టుంది. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడి, రాబోయే సాయంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసింది. అరవడు. సూపు తాగుతాడు. "బాగుంది," అంటాడు. నోరీన్‌కి తనే ఫోన్ చేసి, మా ఆవిడకి ఒంట్లో బాగోలేదని మర్యాదగా చెప్తాడు. తర్వాత పనిముట్ల పెట్టె తీసుకుని, "రా," అని బయటికి నడుస్తాడు. తను వెనకాల వెళుతుంది, టార్చి పట్టుకుని.

టార్చి. ఆమె కుర్చీ వదిలేసింది. ఆరేళ్ళుగా అతను కారు బానెట్ ఎత్తి, వంగి, బ్యాటరీ తీగలు విప్పుతుంటే పక్కన నిలబడి టార్చి పట్టుకున్నది తనే. "కొంచెం ఎడమకి. ఆఁ, అక్కడ," అంటాడు. తను వెలుగు అక్కడికి జరుపుతుంది. ఒక ఏడు చేతి తొడుగు లేక వేళ్ళు కొంకర్లు పోతుంటే కూడా టార్చి కదలనివ్వలేదు, అతనికి సరిగ్గా కనిపించాలని. పని అవగానే "థాంక్స్," అన్నాడు. ఆ "థాంక్స్"కి ఆ రోజు సంతోషించింది.

గోడ గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది. ఆమె ఫోన్ తీసింది.

"నోరీన్, నేను డార్లాని. మంగళవారం దాకా ఆగకుండా ఇవాళే రావచ్చా?"

 నోరీన్ ఎందుకని అడగలేదు. "వెనక గదిలో మంచం ఉంది," అంది. "ఆ హీటరు రాత్రంతా టకటకమంటుంది, ముందే చెప్తున్నా. తిన్నావా?"

"లేదు."

"నేనూ తినలేదు. వచ్చెయ్. రోడ్డు జారుతోంది, మెల్లగా రా."

తిన్నావా అని అడిగినందుకు డార్లాకి ఒక్కసారి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. వంటింటి బల్లకి బిగించిన చిన్న ఇనప పట్టును విప్పింది. అది ఎర కట్టే కొక్కేన్ని కదలకుండా పట్టుకుంటుంది, పధ్నాలుగు చలికాలాలు తనకి ఎదురుగా కూర్చున్నది అదొక్కటే. దాన్నీ, కత్తెర్లనీ, దారం ఉండల్నీ, జింక వెంట్రుకల సంచినీ ఒక పెట్టెలో వేసింది. రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు. ఎక్కడో ఇంజను చప్పుడైంది. ఆమె పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చప్పుడు పెద్దది కాలేదు. అది తన కారే, ముంగిట్లో తిరుగుతున్నది. ఈ భయం తనతో పాటే హార్లోకి వస్తుందని అప్పుడే అర్థమైంది. టకటకమనే హీటరు పక్కన పడుకుంటుంది. మంగళవారం గంట మోగి దుకాణం తలుపు తెరుచుకున్నప్పుడల్లా తనకంటే ముందు అదే తలెత్తి చూస్తుంది. సరే. వస్తే రానీ.

కాగితం మీద, "సూపు వేడిగానే ఉంది. నేను నోరీన్ దగ్గర ఉంటాను," అని రాసి గిన్నె కింద పెట్టింది. మొదటి వాక్యం కొట్టేద్దామా అనుకుని, ఉండనిచ్చింది. పొయ్యి ఆర్పింది. వరండా దీపం వేసింది, మెట్ల మీద మంచు పట్టింది, చీకట్లో వచ్చి జారుతాడని.

లైల్‌కి తలుపు చప్పుడు కావడం నచ్చదు. పిడి తిప్పి పట్టుకుని, గడియ దాని గూట్లోకి జారేదాకా వదలకుండా మూయడం ఆమెకు ఎప్పుడో అలవాటైంది. ఈసారీ అలాగే, మెల్లగా, చప్పుడు లేకుండా, ఆ రాత్రికి తలుపు మూసింది, బయటి నుంచి.